లెక్కలో లేని నాలుగెకరాలు

ఆర్వల్ బుల్లర్ ప్రార్థన చెప్పకుండానే బంగాళాదుంపల గిన్నె ముందుకు లాక్కున్నాడు.

పెళ్ళయిన పన్నెండేళ్ళలో వెర్నా ఆ వింత చూడటం అదే మొదలు. బల్లకి ఆ కొసన కూర్చున్న అత్తగారు అగాథా, జోడించిన చేతులు జోడించినట్టే ఉంచి కొడుకు వైపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని తనలో తానే పెదవులు కదిపింది. వెర్నా తమ్ముడు ఎల్రాయ్ మాత్రం చేతిలోకి తీసుకున్న రొట్టెని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"తినవోయ్, మొహమాటమెందుకు?" అన్నాడు ఆర్వల్. "మా నాలుగెకరాలూ మింగినవాడివి, రొట్టె ఒక లెక్కా?"

"కొలవమన్నారు, కొలిచాను బావా."

"అక్క మొగుడి పొలం కదా, గొలుసు కాస్త వదులుగా పట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"గొలుసు వదిలితే ఎకరాలు పెరుగుతాయి బావా, తగ్గవు. బిగించే పట్టాను, నీ మీద ప్రేమకొద్దీ."

వెర్నాకి నవ్వు ఆగలేదు. ఆర్వల్ చూసిన చూపుకి ఆ నవ్వు కాస్తా గొంతులోనే చచ్చింది. ఆవిడ గబగబా లేచి కాఫీ గిన్నె అందుకుంది.

ఆర్వల్ చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి రొట్టెల బుట్ట పక్కన పడేశాడు. వారం రోజులుగా ఆ కాగితం ఆ ఇంట్లో అందరి చేతుల్లోనూ నలిగింది. అయినా మళ్ళీ చదివాడు, కోర్టులో బంట్రోతు పిలిచినంత గట్టిగా.

"'అనుమతించిన దానికంటే నాలుగెకరాలు ఎక్కువ గోధుమ వేసినట్టు తేలింది. శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఆ మేరకు పైరు దున్ని నేలలో కలపాలి. దున్నిన మడి దాటి ఒక్క కంకి కూడా పోరాదు. కొలతదారు దగ్గరుండి చూసి సంతకం చెయ్యాలి. లేనిపక్షంలో ఈ ఏటి సాయం యావత్తూ రద్దు.' యావత్తూ! నాలుగెకరాలకి కాదు, మొత్తం పొలానికి!"

పందొమ్మిది వందల అరవై అయిదో సంవత్సరం, మే నెల. కాన్సాస్‌లో ఆ కౌంటీ మొత్తానికి గోధుమ తప్ప వేరే ఊసు లేదు. గిడ్డంగులు పొంగిపొర్లుతున్నాయని, ఇన్నెకరాలే వెయ్యండి, మిగతాది బీడు పెట్టండి, పెట్టినందుకు మేం డబ్బిస్తాం అంది ప్రభుత్వం. విత్తనివాడికి జీతం, విత్తినవాడికి జరిమానా అని చర్చి మెట్ల మీద మగవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళందరూ వరసలో నిలబడి సంతకాలు పెట్టారు కూడా. చెక్కు రాని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు.

బుల్లర్ల ఇంటికి ఈ ఏడు ఆ చెక్కే దిక్కు. కిందటేడు కోతకి వారం ముందు వడగళ్ళు పడి పండిన చేనంతా పావుగంటలో నేలపాలైంది. ఈసారి సాయం రాకపోతే పొలం కౌలుకిచ్చేసి, విచిటాలో విమానాల ఫ్యాక్టరీలో చేరతానని ఆర్వల్ సోమవారమే చెప్పాడు. అక్కడ ఎవరితో మాట్లాడాలో, ఏ వీధిలో ఇల్లు చవకో కూడా వాకబు చేసి ఉంచుకున్నాడు. పొద్దున్నే లేచి వాన వాసన చూసే మనిషి, గంట కొడితే లోపలికీ గంట కొడితే బయటికీ తిరగడం వెర్నా ఊహకి కూడా అందలేదు.

"మా నాన్నే ఉంటే..." అని ఎల్రాయ్ నవ్వబోయాడు. "పని చెయ్యనందుకు జీతమిస్తారంటే, ముందు మా ఎల్రాయ్‌కి ఇవ్వండి, వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటే అనేవాడు."

ఎవరూ నవ్వలేదు.

"రొట్టె పక్కన ఆ కాగితం తియ్యి," అంది అగాథా.

ఆవిడ గొంతు పెంచలేదు. ఆర్వల్ కదల్లేదు. వెర్నాయే కాగితం తీసి తన ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"ఎక్కువయింది ఆ వాగొడ్డు ముక్కేగా," అన్నాడు ఆర్వల్ తల్లి మొహం చూడకుండా. "ఎప్పుడూ లెక్కలో లేని ముక్క. అదే దున్నేస్తాను. పీడా పోతుంది."

అగాథా లేచింది. తినకుండా మిగిలిన తన రొట్టెని గుడ్డలో చుట్టి, అరమరలో పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు చప్పుడు కూడా రాలేదు. వెర్నాకి అదే భయం వేసింది.

* * *

వాగొడ్డు ముక్క అంటే ఇంటి మడికి అవతల, బండి దారి దాటాక, వాగు వెంబడి సన్నగా సాగిన చేను. మామగారి తండ్రి పందొమ్మిది వందల ఇరవై రెండులో మొదలుపెట్టాడు. తాము వదిలి వచ్చిన రష్యాలో మిగిలిపోయిన తమవాళ్ళు ఆకలికి చచ్చిపోతున్నారని ఉత్తరాలు వస్తే, ఇంటికింత అని గోధుమ పంపుదామని చర్చిలో అనుకున్నారు. మిగతా ఇళ్ళలో ఆ కరువుతోనే ఆ ఆనవాయితీ ఆగింది. బుల్లర్లు మాత్రం ఆపలేదు. ఆకలి ఆ ఊళ్ళో తీరితే ఇంకో ఊళ్ళో ఉంటుందిగా అనేవాడట పెద్దాయన. ఏటా ఆఖరి బండి వేరుగా నింపి చర్చివాళ్ళ ఓడ సరుక్కి అప్పజెప్పేవారు.

వెర్నా కొత్తకోడలిగా వచ్చిన ఏడు, ఆ ఆఖరి బండి మీద అత్తగారి పక్కన కూర్చుని గిడ్డంగి దాకా వెళ్ళింది. మామగారు అప్పటికి ఉన్నారు. బండి కాటా మీదికి ఎక్కించకుండానే గింజలు దింపేశారు. తూకం చీటీ కూడా తీసుకోలేదు. వేసవి చివరి ఎండ, గడ్డి దుమ్ము, గుర్రాల చెమట వాసన, అత్తగారి ఒళ్ళో గుడ్డ కప్పిన జంట రొట్టెలు. ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్న ఆ చిన్న రొట్టెలు వెన్న లేకుండానే తియ్యగా ఉండేవి. ఆ రోజు తలుచుకుంటే వెర్నాకి ఇప్పటికీ నోట్లో ఆ రుచే వస్తుంది.

"ఈసారి ఎన్ని బస్తాలయ్యాయి అత్తయ్యా?" అని అడిగింది మాటవరసకి.

"ఇచ్చేదాన్ని లెక్కపెట్టకూడదే పిల్లా," అంది అగాథా. "లెక్కపెడితే అది మళ్ళీ మనదైపోతుంది."

ఆ మాట వెర్నా మర్చిపోలేదు. మర్చిపోయినా బాగుండేది.

కిందటి శరదృతువులో ఆర్వల్ విత్తనాల్లో తలమునకలుగా ఉంటే, సాయం కాగితం నింపడానికి కౌంటీ కచేరీకి వెళ్ళింది వెర్నాయే. బడి వెనక మడి ఇన్ని, ఇంటి మడి ఇన్ని, గుట్ట మీద ఇన్ని అని రాసింది. "ఇంతేనా అండీ, ఇంకేమన్నా ఉందా?" అని కిటికీ అవతలి అమ్మాయి అడిగింది. వాగొడ్డు కళ్ళముందు మెదిలింది. ఒక్క క్షణం కలం ఆగింది. అది మాది కాదుగా అనుకుంది. "ఇంతే" అని చెప్పి సంతకం చేసి, సంతలో ఉల్లినారు కొనుక్కుని ఇంటికొచ్చేసింది.

ఆకాశంలో విమానంలోంచి ఫోటోలు తీసి, ఆ ఫోటోలు పట్టుకుని గొలుసుతో కొలుస్తారని ఆవిడకి తెలుసు. ఆ గొలుసు పట్టుకునేది తన తమ్ముడేనని కూడా తెలుసు. అయినా తప్పు చేస్తున్నానని అప్పుడు తోచలేదు. ఎల్రాయ్ చలికాలం బడిలో పాఠాలు చెప్పి, వేసవి ముందర పొలాలు కొలుస్తాడు. ఏడేళ్ళప్పుడు బళ్ళో దొరికిన పెన్సిలు తిరిగిచ్చి రావడానికి మంచులో రెండు మైళ్ళు నడిచిన పిల్లాడు వాడు. వాడు చూసీ చూడనట్టు పోతాడని ఎలా అనుకుంటుంది?

ఆ సాయంత్రం పాలు పిండేవేళ వెర్నా పశువుల కొట్టంలోకి వెళ్ళింది. ఆర్వల్ ముక్కాలి పీట మీద కూర్చుని, నుదురు ఆవు డొక్కకి ఆనించి పిండుతున్నాడు.

"ఆ నాలుగెకరాలు రాయనిది నేనే, ఆర్వల్," అంది గుమ్మంలోనే నిలబడి.

పాలధార చప్పుడు ఆగలేదు. "తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"చీటీ వచ్చిన రోజే కచేరీకెళ్ళి అసలు కాగితం చూపించమన్నాను. నీ దస్తూరీ నాకు తెలీదా? ఏడు అంకెకి నడుం మీద గీత పెట్టేది ఈ కౌంటీలో మీ నాన్న తర్వాత నువ్వొక్కదానివే."

వెర్నా ద్వారబంధం పట్టుకుంది. "మరి వారం రోజులుగా మా తమ్ముడి మీద ఎందుకు ఎగురుతున్నావ్?"

"ఎవరిమీదో ఒకరిమీద ఎగరాలిగా. నీ మీద ఎగరలేను. అమ్మ మీద ఎగరకూడదు. వాడైతే పడతాడు."

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఈ మనిషిని తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో ఎలా పడెయ్యను దేవుడా అనుకుంది.

"వాగొడ్డు దున్నొద్దు," అంది. "ఇంటి మడిలోంచి నాలుగెకరాలు దున్ను. ఏ నాలుగయినా ఫరవాలేదని ఎల్రాయ్ చెప్పాడు."

ఆర్వల్ చటుక్కున తలెత్తాడు. "ఇంటి మడా! ఆ కంకి చూశావా నువ్వసలు? మూడేళ్ళ తర్వాత ఈ ఏడే అలా వేసింది. అది దున్నేసి, ఎవరికో పంపేది నిలబెట్టమంటావా?"

"ఆ 'ఎవరో' ఒకప్పుడు మీ అమ్మే కదా."

ఆవు తోక విసిరింది. ఆర్వల్ మళ్ళీ పొదుగు వైపు వంగాడు. ఆ కథ అతనికి కొత్త కాదు. పన్నెండేళ్ళ అగాథా రష్యాలో ఓ పల్లెటూళ్ళో, అమెరికా నుంచి వచ్చిన గోధుమతో చేసిన తెల్లరొట్టె కోసం గిన్నె పట్టుకుని వరసలో నిలబడింది. తర్వాత ఇక్కడికొచ్చి, బుల్లర్ల ఇంటికి కోడలై, ఆ గోధుమ ఏ చేలోంచి వచ్చిందో తెలిసిన రోజున ఆ గట్టు మీదే కూర్చుండిపోయింది. ప్రతి క్రిస్మస్‌కీ ఆ ఇంట్లో చెప్పుకునే కథే అది.

"వాగొడ్డుదే దున్నుతాను," అన్నాడు చివరికి. పాలబకెట్ తీసుకుని వెర్నాని దాటుకుని వెళ్ళిపోయాడు.

* * *

శుక్రవారం మధ్యాహ్నం అంట్లు కడుగుతుంటే వంటింట్లో కుర్చీ ఒకటి తక్కువ కనిపించింది వెర్నాకి. అత్తగారి గది తలుపు బార్లా తెరిచి ఉంది. బయట ట్రాక్టరు చప్పుడు వాగు వైపు వెళ్ళి, ఉన్నట్టుండి ఒకేచోట నిలబడిపోయింది.

ఆవిడ తడి చేతులతోనే పరుగెత్తింది.

వాగొడ్డు చేలో, భుజాల దాకా వచ్చిన పచ్చని గోధుమ మధ్య, అగాథా వంటింటి కుర్చీలో కూర్చుని ఉంది. తలకి ఆదివారం కట్టుకునే నల్ల రుమాలు. ఎదురుగా పదడుగుల దూరంలో ఎర్ర ట్రాక్టరు, దాని మీద కొడుకు.

"లే అమ్మా. ఎండగా ఉంది."

"గాలి బాగానే వేస్తోంది."

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, లే. ఇది చెయ్యకపోతే మొత్తం పోతుంది. నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి?"

"మరి ఏముంది, కూర్చున్నాను."

"ఆర్వల్!" అని అరిచింది వెర్నా ఇంజను చప్పుడు మీదుగా. "ఇటు తిప్పు! ఇంటి మడి దున్ను!"

ఆర్వల్ తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, నెత్తిమీద టోపీ తీసి ట్రాక్టరుకేసి కొట్టాడు. ఏదో తిట్టు కూడా తిట్టాడు గానీ అది ఇంజను మింగేసింది. తర్వాత చక్రం గిర్రున తిప్పి, బండి దారి దాటి ఇంటి మడి మొదట్లో నాగలి దింపబోయాడు. వెర్నా గుండె కుదుటపడింది.

అప్పుడు అగాథా లేచింది. కుర్చీ చంకన పెట్టుకుని, చేను తొక్కకుండా సాళ్ళ మధ్య నించి బయటికొచ్చి, బండి దారి దాటింది. ఇంటి మడిలోకి వెళ్ళి, సరిగ్గా ట్రాక్టరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అమ్మా!" ఆర్వల్ ఇంజను ఆపేశాడు. "ఇది మనదే! నీ వాగొడ్డు కాదు, ఇది మనది!"

"తెలుసురా. ఇదీ గోధుమే."

ఇంజను ఆగిపోయాక పిట్టల కూతలు వినపడ్డాయి. దారి మీద దుమ్ము లేపుకుంటూ ఎల్రాయ్ కారు వచ్చి ఆగింది. చేతిలో అట్ట, దాని మీద కాగితం, చెవిలో కలం. దిగి, అక్క మొహం చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"రొట్టె ముక్క కథ నీకు చాలాసార్లు చెప్పాను," అంది అగాథా కొడుకుతో. "దాని ముందరిది చెప్పలేదు. వినడానికి నీకు ఓపికుందా?"

ఆర్వల్ సీటు మీద వెనక్కి వాలాడు.

"తుపాకులవాళ్ళు ఇంటింటికీ వచ్చి ధాన్యం ఊడ్చుకుపోతున్నారని, మా నాన్న మా గోధుమ మొత్తం పశువులశాల వెనక గొయ్యి తీసి పూడ్చాడు. ఆయన చేత్తోనే. నేను లాంతరు పట్టుకున్నాను. వాళ్ళు వచ్చారు, వెతికారు, పోయారు. తర్వాత తవ్వి చూస్తే మొత్తం కుళ్ళిపోయింది. గడ్డకట్టి, నల్లగా. మా తమ్ముళ్ళిద్దరూ ఆ చలికాలం దాటలేదు. మా నాన్న దాటాడు. కానీ ఆ గొయ్యి తవ్విన రోజు నుంచి, చచ్చిపోయేదాకా, అన్నం ముందు ప్రార్థన చెప్పలేదు. నా నోటితో ఎలా అడగనే అనేవాడు, ఇచ్చింది మట్టిలో పెట్టాను అనేవాడు."

ఆవిడ రుమాలు కొస సవరించుకుంది.

"నిన్న నువ్వు ప్రార్థన చెప్పలేదు."

ఆర్వల్ చక్రం మీద మోచేతులు ఆనించి మొహం దాచుకున్నాడు. చొక్కా వీపు మీద చెమట మరక ఎగిరిపడుతోంది. వెర్నా ఎప్పుడూ అతన్ని అలా చూడలేదు.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు తలెత్తి. "దున్నకపోతే నేను విచిటా పోవాలి. దున్నితే తాతలా అయిపోతానంటావు. ఏం చెయ్యను?"

"దున్నాలి. నేనేం పిచ్చిదాన్ని కాదు. ఇల్లు నిలబడాలని నాకు లేదూ? కానీ నువ్వు దిగు." అగాథా కోడలి వైపు తిరిగింది. "వెర్నా ఎక్కుతుంది."

వెర్నా చెంప మీద కొట్టినట్టు తూలింది. పన్నెండేళ్ళు. ఈ ఇంటి పిండి పిసికింది, ఈ ఇంటి బట్టలు ఉతికింది, ఈవిడ జ్వరాలకి పక్కన కూర్చుంది. చివరికి కొడుకు కొడుకే, కోడలు కోడలే.

"అంటే నా చేతికి పాపం అంటదా అత్తయ్యా?" అంది. "మీ అబ్బాయి చెయ్యేనా చెయ్యి?"

"అంటుతుంది," అంది అగాథా.

"మరి?"

"కచేరీకి వెళ్ళింది ఎవరో నాకు తెలీదూ? లెక్క అడిగితే ఇంతే అన్నది నువ్వు. అనేలా నీకు నేర్పింది నేను. మనిద్దరం చేసిన పని ఇది, వాడు చేసింది కాదు. నువ్వు దున్ను. నీ వెనకాల నేనొస్తాను."

ఆవిడ లేచి, కుర్చీ తీసుకెళ్ళి బండి దారిలో పెట్టి, ఏప్రన్ రెండు కొసలూ నడుముకి దోపి ఒడి చేసుకుంది. వెర్నా కళ్ళు తుడుచుకుంది. కోపం పూర్తిగా పోలేదు. కానీ ఈవిడ ఇవాళే మొదటిసారి తనని కోడలిలా కాక తనలో సగంలా లెక్క వేసిందని కూడా తెలిసింది.

ఆర్వల్ దిగాడు. చెయ్యి అందించాడు. వెర్నా ఆ చెయ్యి పట్టుకోకుండానే ఎక్కింది.

* * *

పదహారేళ్ళప్పుడు నాన్న పొలంలో దున్నడమే ఆఖరు. అయినా కాళ్ళకీ చేతులకీ అన్నీ గుర్తున్నాయి. నాగలి దిగింది. ఎల్రాయ్ అప్పటికప్పుడు కొలిచి పాతిన నాలుగు కర్రల మధ్య మొదటి చాలు పడింది. పచ్చని కంకులు ఒక్కసారి తలలూపి, తిరగబడి, నల్లమట్టి కిందికి వెళ్ళిపోయాయి.

వాసన వచ్చింది. పచ్చి గోధుమ, తడిమట్టి. నాన్న వాసన. ఈ వాసనతోనే ఆయన సాయంత్రం ఇంటికొచ్చేవాడు. నూర్పిళ్ళ రోజుల్లో ఇరవైమంది మగవాళ్ళు అదే వాసనతో బారుబల్లల చుట్టూ కూర్చునేవారు. అమ్మా పిన్నమ్మలూ పొద్దున నాలుగింటికి లేచి రొట్టెలు కాల్చేవారు. ఎవరి చేలో ఎన్నెకరాలో ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. పండితే పండింది, లేకపోతే లేదు, పొరుగువాడి గాదెలో ఉంటే మన గాదెలో ఉన్నట్టే. ఇలా పండినదాన్ని మట్టిలో తొక్కెయ్యాల్సి వస్తుందని నాన్నతో చెబితే నమ్మేవాడు కాదు. వెర్నా ఏడుస్తూనే దున్నింది. చక్రం మాత్రం వంకర పోనివ్వలేదు.

రెండో చాలు మలుపులో వెనక్కి చూసింది. అన్నట్టుగానే అగాథా వస్తోంది. నడుం వంచి, చాలు అంచున మట్టి కప్పని కంకుల్ని ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకుంటోంది. పొరపాటున కూడా ఒక్కటీ వదలడం లేదు.

అయిదో చాలు దాకా ఆర్వల్ గట్టు మీదే నిలబడ్డాడు. ఆరో చాలులో వెనక్కి చూసేసరికి, తల్లి వెనకాల వంగి ఉన్నాడు. టోపీ తిరగేసి పట్టుకున్నాడు. అదీ సగం నిండింది.

నాలుగెకరాలూ నల్లబడేసరికి నాలుగు దాటి పది నిమిషాలయింది. వెర్నా ఇంజను ఆపి దిగింది. ఆ మడి మధ్యలో నలుగురూ నిలబడ్డారు. ఎల్రాయ్ అట్ట మీద కాగితం సర్దుకుని, చెవిలో కలం తీశాడు. తీసినవాడు రాయలేదు.

"అగాథత్తా," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఆ ఒడి..."

"ఊఁ?"

"మడి దాటి ఒక్క కంకి కూడా పోకూడదు. నేను చూశానని సంతకం పెట్టాలి. చూడలేదని అబద్ధం రాయలేను. నా వల్ల కాదు. అది ఇక్కడే పారబొయ్యి అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను. కచేరీ చేరడానికి అరగంట పడుతుంది, అయిదింటికి మూసేస్తారు."

"పారబొయ్యనురా."

"ఎల్రాయ్," అంది వెర్నా, "ఒక్కసారికి..."

"అక్కా, అడక్కు. నువ్వడిగితే చేసేస్తానేమో. అందుకే అడక్కు."

వాడి మొహం ఆ పెన్సిలు నాటి మొహంలాగే ఉంది. వెర్నా నల్లబడ్డ మడి వైపు చూసింది. దున్నినదంతా వృథా అయిపోతోందా? చెక్కు పోయి, చేనూ పోయి, ఆర్వల్ విచిటాకి పోతాడా?

అగాథా మాత్రం తొందరపడలేదు. ఒళ్ళోంచి ఒక కంకి తీసింది. రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపి, ఊది, పొట్టు ఎగరగొట్టింది. చేతిలో పచ్చని గింజలు మిగిలాయి, ఇంకా పాలు కారుతున్నాయి.

"మడి దాటకూడదు, అంతేగా?" అంది. "దాటించను. ఇక్కడే తినేద్దాం."

"మొత్తమా?" అన్నాడు ఆర్వల్.

"మొత్తమే. నేలపాలు చెయ్యను, ఇంటికి పట్టుకెళ్ళను. ఊరికే నిలబడకు, నలుపు."

ఆవిడ ఆ గింజలు కొడుకు చేతిలో పోసింది. ఇంకో కంకి నలిపి కోడలి చేతిలో పోసింది. ఆర్వల్ తన అరచేతిలోకి చూసుకున్నాడు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, తల వంచాడు.

"తండ్రీ," అన్నాడు. దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. "తండ్రీ, నువ్విచ్చిన ఈ రొట్టెకి..."

నిన్నటి నుంచి బాకీ పడ్డ ప్రార్థన ఆ మడి మధ్యలో మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. అగాథా కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు.

ముగ్గురూ తిన్నారు. తియ్యగా, పచ్చిపాల రుచిగా ఉన్నాయి. నలిపారు, ఊదారు, తిన్నారు. దవడలు నొప్పెట్టాయి. ఒడి అంగుళం కూడా తగ్గలేదు. టోపీ ఇంకా ముట్టుకోనేలేదు.

ఎల్రాయ్ గడియారం చూసుకున్నాడు. నాలుగూ ఇరవై.

"ముగ్గురి వల్ల అయ్యేలా లేదురా," అంది అగాథా, నలిపిన గింజలు వాడి వైపు చాపి. "ఇంకో నోరు కావాలి."

ఎల్రాయ్ ఆ ఒడి వైపు చూశాడు, దారి మీద ఉన్న కారు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. కాగితం ఉన్న అట్టని నేలమీద బోర్లించాడు. కలం జేబులో పెట్టుకుని, చెయ్యి చాపాడు.